వైన్ సిఫారసు - 4వ పాఠం: పేరు తెలియని సీసాకు మాట సాయం

పులుపు, వగరు, తీపి, ఆల్కహాల్ ఘాటు నాలుక మీద ఎలా పట్టుకోవాలో పోయిన పాఠంలో చూశాం. వాటికి ఈసారి పని చెబుదాం. నాసిక్ వైన్ కంపెనీ సూలా గురించి బెజవాడలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎవరూ వినని చిన్న తోట వైన్‌ని సిఫారసు చేయాలంటేనే మాట కావాలి.

"సూపర్‌గా ఉంటుందండీ, తీసుకోండి" అంటే సిఫారసు కాదు. ముందు రెండు విషయాలు అడగండి: ఇదివరకు ఏం తాగితే నచ్చింది, ఇవాళ పక్కన ఏం తింటున్నారు. మన దగ్గర రెండోదే అసలు ప్రశ్న. గుంటూరు కారం మీద ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ పడితే మంట ఇంకా రేగుతుంది. వగరు రెడ్ అయితే నోరు గరుకెక్కుతుంది. గోంగూరతో ఇంకో తంటా: కూరలో ఉన్నంత పులుపు వైన్‌లో లేకపోతే వైన్ చప్పబడిపోతుంది. గోంగూర మటన్‌కి ఖరీదైన కాబర్నే (బరువైన, వగరెక్కువ రెడ్) తెరవడం నా లెక్కలో డబ్బు దండగ.

అక్కడ నేను చెప్పే వైట్ జర్మనీలోని మోజెల్ లోయ రీస్లింగ్ ద్రాక్ష వైన్, అదీ లేబుల్ మీద 'కాబినెట్' (Kabinett) అని ఉండి, కాస్త తీపి మిగిల్చినది. పలకరాతి వాలుల్లో పండే ద్రాక్ష. ఆల్కహాల్ చాలావాటిలో 8-9 శాతమే. తీపి కారాన్ని అణుస్తుంది, పులుపు గోంగూరకు దీటుగా నిలబడుతుంది. అదే లేబుల్ మీద 'గుట్సాబ్‌ఫ్యూలుంగ్' (Gutsabfüllung) అన్న మాట కోసం వెతకండి. సొంత తోట ద్రాక్షతో తామే చేసి నింపిన సీసా అని దానర్థం. రుచికి అది గ్యారంటీ కాదు, ఎవరి చేతి పనో చెబుతుంది, అంతే.

రెడ్‌లో నేను చెప్పేది ఇటలీలోని సిసిలీ దీవిలో పండే 'ఫ్రప్పాతో' అనే ద్రాక్ష వైన్. రంగు లేత, వగరు తక్కువ, ఎర్రటి పళ్ల వాసన. అక్కడి విట్టోరియా ప్రాంతంలో దీన్ని నీరో దావొలా ద్రాక్షతో కలిపి చెరాసువోలో అనే వైన్ చేస్తారు. నీరో దావొలాను మన నాసిక్ జిల్లాలో రెవీలో అనే చిన్న వైనరీ కూడా చేస్తోంది, కాకపోతే అది కాస్త బరువు. హంపి కొండల దగ్గరి క్రస్మా ఎస్టేట్స్ అనే వైనరీ తెలుగు దంపతులది. మనవాళ్లది కదా అని వాళ్ల కాబర్నేను కోడి వేపుడు పక్కన పెట్టకండి, కారం తక్కువున్న మాంసం రోజుకి దాచండి.

రెడ్‌ని గది వేడిలో తాగాలన్న మాట యూరప్ గదులకు సరిపోతుంది. మామూలు రెడ్‌కి 16-18 డిగ్రీలు, ఫ్రప్పాతోకి 13-14 చాలు. మే నెల బెజవాడలో రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టమని మీ సిఫారసులోనే చెప్పేయండి.

ఇవి ఇక్కడి షాపుల్లో దొరకడం కష్టం. పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకునే ముందు ఎక్సైజ్ నిబంధనలు చూసుకోండి.

ఇప్పుడు ఆ మోజెల్ రీస్లింగ్‌కి నమూనా సిఫారసు: "బాబాయ్, మీకు తియ్యటి డ్రింకులు ఇష్టం కదా. ఇది కొంచెం తీపి, బాగా పులుపు, ఘాటు తక్కువ. పిన్ని చేసే రొయ్యల వేపుడు కారానికి తట్టుకుంటుంది. బాగా చల్లబెట్టి తాగండి." ద్రాక్ష పేరు, దేశం పేరు ఇందులో రాలేదు చూశారా? బాబాయ్ అడిగితే చెప్పొచ్చు.

అభ్యాసం: మీ ఇంట్లో ఈ ఆదివారం వండే కూర ఒకటి తీసుకుని, దానికి ఒక వైట్, ఒక రెడ్ మూడేసి వాక్యాల్లో సిఫారసు రాయండి. 'బాగుంటుంది', 'సూపర్' అన్న మాటలు వాడకూడదు.