భోజనం తర్వాతి గంట గడిపే పద్ధతి: చింపిన కాగితాల కొలాజ్

ఈటింగ్ డిజార్డర్ (తిండి, ఒంటి బరువు గురించిన ఆలోచనలే మనసును పట్టి పీడించే జబ్బు) నుంచి కోలుకుంటున్నవాళ్లకు తినడం ఒక ఎత్తు, తిన్న తర్వాతి గంట మరో ఎత్తు. కక్కేయాలనో, లేచి గబగబా నడవాలనో ఒకటే తహతహ. అది పెరిగి, కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. తగ్గేదాకా చేతులకు పని కావాలి. కాగితం ముక్కలు చింపి అట్ట మీద అతికించే కొలాజ్ అలాంటి పనే. ఇది చికిత్సకు తోడు మాత్రమే. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కావలసినవి రంగు కాగితాలు, అట్ట, జిగురు. అంతే. పాత పత్రికలు వద్దు, వాటినిండా సన్నటి మోడళ్లూ బరువు తగ్గించే ప్రకటనలే. కత్తెరా వద్దు. దానితో కోసిన అంచు కాస్త వంకర పోతే మళ్లీ కోయాలనిపిస్తుంది. చింపిన అంచు ఎలాగూ వంకరే.

ఇవన్నీ తినడానికి ముందే వేరే గదిలో, బాత్రూమ్‌కు దూరంగా సర్దిపెట్టండి. తినగానే అక్కడికి వెళ్లి 45 నిమిషాలకు టైమర్ పెట్టి, బొటనవేలి గోరంత ముక్కలు చింపుకుంటూ అతికించాలి.

అసలు చిక్కు ఏం అతికించాలన్న దగ్గరే. చాలామంది 'నీ బొమ్మ నువ్వే వేసుకో' అంటారు. ఈ గంటలో అది పనికిరాదు. తిండి తగ్గించి చాలాకాలం గడిపిన కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, కొంచెం తిన్నా ఉబ్బినట్టుంటుంది. ఆ ఉబ్బరమే బొమ్మలోకి ఎక్కుతుంది. ఒంటి బొమ్మ గీయించే పని థెరపిస్టుకు వదిలేయండి. ఒళ్లు, తిండి, అద్దం, అంకెలు లేకుండా ఒక్క నియమం చాలు: ఎడమ మూల నుంచి మొదలుపెట్టాలి, ఒకే రంగు ముక్కలు రెండు పక్కపక్కన రాకూడదు.

పావుగంటకో ఎప్పుడో అతికించిన ముక్కను గోటితో లేపడం, అట్టను దూరంగా పట్టి చూడడం మొదలవుతుంది. తప్పులు వెతికే బుద్ధి బొమ్మ మీదికి మళ్లిందన్నమాట. 'పర్లేదులే' అంటే ఆగదు. పీకకూడదు, నచ్చని ముక్క మీద ఇంకోటి అతికించొచ్చు అని ముందే చెప్పి ఉంచండి. రంగులు నింపే పుస్తకాలు నాకు నచ్చనిది ఇందుకే, గీత దాటితే వాటిలో కప్పుకునే వీలుండదు. డాన్స్ అయితే కేలరీలు కరిగించే పనిగా మారిపోతుంది. వంట మరీ ప్రమాదం: ఇంటిల్లిపాదికీ వండిపెట్టి తాము ముట్టనివాళ్లున్నారు.

పక్కన కూర్చునేవాళ్లు కూడా ఒక అట్ట పట్టుకోవాలి, చూస్తూ కూర్చోకూడదు. 'ఎంత బాగుందో' అనకండి, రేపు ఇంకా బాగా రావాలన్న బరువు పడుతుంది. 'మొహం కళకళలాడుతోంది' అసలే వద్దు, 'లావయ్యావు' అని వినిపిస్తుంది. 'ఆ నీలం ముక్క ఇటివ్వు' లాంటి మాటలు చాలు.

టైమర్ మోగినప్పుడు సగంలో ఉన్నా ఆపేయండి. తర్వాతి భోజనం అయ్యాక అక్కడి నుంచే అతికించాలి. గంట దాటినా తహతహ తగ్గని రోజులు వరసగా వస్తుంటే థెరపిస్టుకు చెప్పండి.