చెక్క కప్పుల హెడ్‌ఫోన్లను సవరించి, తగిన యాంప్లిఫయర్‌తో జతచేయడం ఎలా?

చెక్క కప్పుల హెడ్‌ఫోన్ చేతికి రాగానే చాలామంది దృష్టి ఆ చెక్క మీదికే పోతుంది. మహాగని తీసి ఎబొనీ బిగిస్తే స్వరం మారిపోతుందనీ, వాల్‌నట్‌ది ఒక తీరు, టేకుది మరొక తీరనీ వాదనలు సాగుతూనే ఉంటాయి. ఆ తేడా బొత్తిగా లేదని అనలేం కానీ, మనకు వినిపించే ధ్వనిని మలిచేవాటిలో చెక్క జాతిది వెనుక వరుసే. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి యాంప్లిఫయర్ తన వైపు నుంచి పెట్టే అడ్డు), చెవిమెత్తలు, కప్పు లోపలి ఖాళీ, ఆ ఖాళీలో పరిచే పదార్థం దానికంటే ముందు లెక్కలోకి వస్తాయి. అందుకే ఇక్కడ పని యాంప్లిఫయర్‌తో మొదలై చెక్కతో ముగుస్తుంది. యాంప్లిఫయర్ మూలంగా వదులైన బాస్‌ను కప్పులో దూది కూరి సరిచేసుకుంటే, యాంప్లిఫయర్ మార్చిన రోజున ఆ దూదే కొత్త లోపమై కూర్చుంటుంది.

సోనీ 1989లో తెచ్చిన ఎండీఆర్-ఆర్10లో జెల్కోవా చెక్కను వాడారు. డెనాన్ ఏహెచ్-డి5000, డి7000 మహాగనివి. మెజె 99 క్లాసిక్స్ వాల్‌నట్‌ది. ఫోస్టెక్స్ టీహెచ్900 కప్పుల మీద జపాను ఉరుషి లక్క పూత ఉంటుంది. ఇవన్నీ వెనుక భాగం మూసి ఉండే రకాలు. గ్రాడో ఆర్‌ఎస్1 మహాగనిదే అయినా దాని వెనుక భాగం తెరిచి ఉంటుంది కనుక, కప్పు లోపల మెత్తలు పరచడం గురించి కింద చెప్పేది దానికి పెద్దగా వర్తించదు.

మొదటి మెట్టు: యాంప్లిఫయర్ లెక్క

హెడ్‌ఫోన్ వివరాల పత్రంలో రెండు అంకెలు చూడాలి: ఇంపెడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు), సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత శబ్దం చేస్తుందన్నది). డెనాన్ డి5000 ఇంపెడెన్స్ 25 ఓమ్‌లు, సెన్సిటివిటీ ఒక మిల్లీవాట్‌కు 106 డెసిబెల్స్. ఫోస్టెక్స్ టీహెచ్-ఎక్స్00 కూడా 25 ఓమ్‌లదే, కానీ సెన్సిటివిటీ 94 డెసిబెల్స్. చూపుకు అన్నదమ్ముల్లా ఉండే ఈ రెంటి మధ్య ఉన్న 12 డెసిబెల్స్ తేడాకు అర్థం, అంతే శబ్దం రావడానికి రెండో దానికి దాదాపు 16 రెట్ల శక్తి కావాలని. సంగీతంలో క్షణకాలం ఎగసే శిఖరాలకు 110 డెసిబెల్స్ చాలని అనుకుంటే, టీహెచ్-ఎక్స్00కు 40 మిల్లీవాట్లు, అంటే 1 వోల్టు, 40 మిల్లీయాంపియర్లు కావాలి. డి5000కు రెండున్నర మిల్లీవాట్లతోనే పని జరిగిపోతుంది. రెండు అంకెలూ చిన్నవే. వాట్లలో బలం చాటుకునే యాంప్లిఫయర్ వీటికి అక్కర్లేదు. కొన్ని సంస్థలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు కాక వోల్టుకు ఇస్తాయి; 25 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఆ అంకె 16 డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తుంది కనుక, పోల్చేముందు ఏ లెక్కన ఇచ్చారో చూసుకోవాలి.

అసలు చూడవలసింది అవుట్‌పుట్ ఇంపెడెన్స్. అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. 25 ఓమ్‌లకు అది సుమారు 3 ఓమ్‌లు. అంతకు మించితే డ్రైవర్ (హెడ్‌ఫోన్‌లో ధ్వని పుట్టించే భాగం) కదలికపై యాంప్లిఫయర్ పట్టు సడలి, బాస్ వదులుగా, సాగినట్టు వినిపించవచ్చు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వ్ యాంప్లిఫయర్లలో ఈ విలువ తరచు పదుల ఓమ్‌లలో, ఒక్కోసారి వంద దాటి ఉంటుంది. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు అవి చక్కగా నప్పుతాయి కానీ, 25 ఓమ్‌లకు నప్పవు: 100 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న యాంప్లిఫయర్‌కు 25 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే వోల్టేజిలో ఐదో వంతే డ్రైవర్‌కు చేరుతుంది. వాల్వ్ ధ్వని మీద మక్కువ ఉన్నవారు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదాన్నో, వాల్వ్‌నూ ట్రాన్సిస్టర్‌నూ కలిపిన హైబ్రిడ్‌నో ఎంచుకోవడం మేలు.

తయారీదారు ఈ విలువ చెప్పకపోతే మనమే కొలవవచ్చు. హెడ్‌ఫోన్ తీసేసి, 100 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో అవుట్‌పుట్ వోల్టేజిని మల్టీమీటర్ ఏసీ స్థానంలో చూడండి. తరవాత వాల్యూమ్ ముట్టుకోకుండా, అవుట్‌పుట్‌కు అడ్డంగా 33 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి మళ్లీ చూడండి. తగ్గిన వోల్టేజిని రెండో కొలతతో భాగించి, 33తో గుణిస్తే జవాబు వస్తుంది. 0.50 వోల్టులు 0.45కు దిగితే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సుమారు 3.7 ఓమ్‌లు, పైన చెప్పిన 3 కంటే కాస్త ఎక్కువే అయినా ఫరవాలేదు. 0.10కి దిగితే అది 132 ఓమ్‌లు. ఆ యాంప్లిఫయర్‌ను వేరే హెడ్‌ఫోన్‌కు ఉంచుకోవాలి.

డి5000 వంటి సున్నితమైనవాటికి ఇంకో పరీక్ష: ఏ పాటా మోగనప్పుడు, రోజూ వినే స్థాయిలో వాల్యూమ్ ఉంచి చెవి పెడితే బుస వినిపించకూడదు. గెయిన్ స్విచ్ (యాంప్లిఫయర్ సంకేతాన్ని ఎంత పెంచాలో నిర్ణయించేది) ఉంటే తక్కువ వైపే ఉంచండి, అప్పుడు వాల్యూమ్ నాబ్‌ను కాస్త పైకి తిప్పి వినవచ్చు. వాల్యూమ్ నాబ్ అట్టడుగున తిరిగే చోట ఎడమ కుడి స్థాయిలు సరిగ్గా సమంగా ఉండకపోవడం సాధారణం.

రెండో మెట్టు: ముందున్న స్థితిని నమోదు చేయడం

చెవి జ్ఞాపకం నమ్మదగినది కాదు. వీలైతే చిన్న కొలత మైక్రోఫోన్‌ను చదునైన పలకకు బిగించి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో రెండు వైపులా రేఖలు (ఏ పౌనఃపున్యం ఎంత బిగ్గరగా వస్తుందో చూపే గీతలు) తీసి దాచండి. హెడ్‌ఫోన్ కాస్త జరిగినా ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర రేఖ మారిపోతుంది కాబట్టి, ఎత్తి మళ్లీ పెడుతూ పలుమార్లు కొలిచి సగటు తీసుకోవాలి. ఈ రేఖలు ముందూ వెనకా పోల్చుకోవడానికే పనికొస్తాయి; వాటిని మరొకరి రేఖలతో పోల్చి కంగారు పడనక్కర్లేదు.

మూడో మెట్టు: చెవిమెత్తలు

ఖర్చుకూ శ్రమకూ తగిన ఫలితం అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. మూసి ఉండే హెడ్‌ఫోన్‌లో లోతైన బాస్ నిలవాలంటే మెత్త చెంపకు గాలి చొరబడకుండా ఆనాలి. అణిగిపోయిన పాత మెత్తలతో, కళ్లద్దాల కాడలు చేసే సందులతో అది జారిపోతుంది. డెనాన్, ఫోస్టెక్స్ కుటుంబంలో మెత్త ఒక ప్లాస్టిక్ వలయం మీద ఉంటుంది. దాన్ని పట్టుకుని తిప్పితే ఊడి వస్తుంది, లాగకూడదు. వెనుక వైపు మందంగా ఉండే వాలు మెత్తలు డ్రైవర్‌ను చెవికి కాస్త దూరంగా, కోణంలో నిలుపుతాయి కాబట్టి ధ్వని రంగం విశాలమైనట్టు అనిపిస్తుంది. వెల్వెట్ వంటి బట్ట మెత్తలు చల్లగా ఉంటాయి, కానీ గాలి కారడం వల్ల బాస్ తగ్గుతుంది. మెత్తలు మార్చాక కొన్నాళ్లు మరేదీ ముట్టుకోకండి. చాలామందికి ఇక్కడితోనే తృప్తి కలుగుతుంది, అప్పుడు ఆగిపోవడంలో తప్పేమీ లేదు.

నాలుగో మెట్టు: కప్పు తెరిచి లోపల పరచడం

మెత్త తీశాక కనిపించే స్క్రూలు విప్పేటప్పుడు తొందర పనికిరాదు. డ్రైవర్ అయస్కాంతం బలమైనది. స్క్రూడ్రైవర్ మొన డ్రైవర్ దగ్గరికి రాగానే దాన్ని చటుక్కున లాగేసుకుంటుంది, కంపించి ధ్వని పుట్టించే పల్చని డయాఫ్రమ్ పొరకు చిల్లు పడడానికి ఆ ఒక్క క్షణం చాలు. ముందే దళసరి అట్టముక్క ఒకటి డ్రైవర్ మీద కప్పి, పిడిని బిగించి పట్టుకుని పనిచేయాలి. స్క్రూలు వచ్చాక కప్పును విడిగా లాగవద్దు. లోపలి తీగలు పొట్టిగా ఉండవచ్చు.

కప్పు గోడకూ డ్రైవర్‌కూ మధ్య శబ్దం అటూ ఇటూ తిరిగి నిలువ తరంగాలు (ఒకే చోట నిలిచి కొన్ని పౌనఃపున్యాలను ఎత్తి చూపే తరంగాలు) ఏర్పడతాయి. లోతు 5 సెంటీమీటర్లయితే మొదటిది దాదాపు 3,400 హెర్ట్జ్ వద్ద, 3 సెంటీమీటర్లయితే 5,700 వద్ద వస్తుంది. అంటే కప్పు లోపలి పలుచని ఫెల్ట్ పొర ప్రధానంగా సవరించేది ఈ పై భాగాన్ని. దానితో బాస్ దారికొస్తుందని ఆశించకూడదు. కప్పు అడుగున 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఉన్ని ఫెల్ట్ పరిచి, బిగించి వినండి. చాలకపోతే, విడదీసి వదులు చేసిన ఉన్నిని కొద్దిగా చేర్చండి. రెండు వైపులకూ చేర్చే పదార్థాన్ని గ్రాముల త్రాసులో తూచి సమానం చేయాలి. కుక్కి నింపితే ధ్వని ఎండిపోయి, వాద్యాల చుట్టూ ఉండే గాలి మాయమవుతుంది. డ్రైవర్ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలూ, వాటి మీది పలుచని కాగితమూ తయారీదారు లెక్కగట్టి పెట్టినవి. వాటిని మూస్తే బాస్ స్వభావమే మారిపోతుంది. డ్రైవర్‌ను పట్టి ఉంచే చట్రం కంపిస్తుంటే దాని మీద బ్యూటైల్ రబ్బరు ముక్కలు అతికించవచ్చు, కానీ ఆ జిగురు మళ్లీ ఊడదీయడం కష్టం కాబట్టి ఈ పని అన్నిటికీ చివర చేయాలి.

ఐదో మెట్టు: కేబుల్

దీనివల్ల ధ్వని మెరుగుపడుతుందని ఆశించి చేయకండి. ఊడదీయగల కేబుల్ కోసమో, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (ఎడమ, కుడి వైపులకు ప్లస్, మైనస్ తీగలు పూర్తిగా వేరువేరుగా ఉండే పద్ధతి) కోసమో చేస్తే సబబు. అందుకు డ్రైవర్ ఒక్కొక్క దాని నుంచి రెండేసి, మొత్తం నాలుగు తీగలు ప్లగ్ వరకు విడివిడిగా రావాలి. నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌లో 1 ఎడమ ప్లస్, 2 ఎడమ మైనస్, 3 కుడి ప్లస్, 4 కుడి మైనస్. రెండు మైనస్‌లు కలిసిపోయే మూడు తీగల హెడ్‌ఫోన్‌ను అడాప్టర్‌తో బ్యాలెన్స్‌డ్ సాకెట్‌కు తగిలిస్తే యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. టంకం వేసేటప్పుడు 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర, క్షణాల్లో పని ముగించాలి. వేడి ఎక్కువసేపు నిలిస్తే డ్రైవర్ టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ కరుగుతుంది. ఇనామెల్ పూత ఉన్న సన్నని తీగలైతే ముందుగా ఆ పూత పోగొట్టి, టిన్ పట్టించుకోవాలి.

ఆరో మెట్టు: చెక్క

కొత్త కప్పులు తీసుకునేటప్పుడు చెక్క పేరు కంటే లోపలి కొలత చూడండి. పాత కప్పులో సన్నని గింజలు పోసి, వాటిని కొలత గ్లాసులో ఒంపి ఘనపరిమాణం తెలుసుకుని, కొత్తదానిలోనూ అలాగే కొలవాలి. ఖాళీ మారితే డ్రైవర్ వెనుక గాలి చేసే ఒత్తిడి మారి, దానితో బాస్ కూడా మారుతుంది. రెండు కప్పులూ ఒకే దుంగ నుంచి వచ్చినా బరువులో తేడా ఉండవచ్చు, అది పెద్ద విషయం కాదు. పూత లేని చెక్కను నార వెంబడి 240, 320, 400 నంబర్ల గరుకు కాగితంతో వరుసగా రుద్ది, టంగ్ ఆయిల్‌ను పలుచని పొరలుగా పట్టించాలి. బయటే పూసి లోపల వదిలేస్తే చెక్క తేమను ఒక వైపు నుంచే ఎక్కువగా పీల్చి వంకర తిరుగుతుంది, కాబట్టి రెండు వైపులా పూయాలి. నూనె వాసన పూర్తిగా పోయేదాకా డ్రైవర్‌ను దాని దగ్గరకు చేర్చవద్దు. లక్క పూత ఉన్న కప్పులను మాత్రం గరుకు కాగితంతో ముట్టుకోకండి.

బిగించాక గొంతు ఒక్కటే ఉన్న మోనో రికార్డింగ్ పెట్టి చూడండి. స్వరం సరిగ్గా నడినెత్తిన నిలవకుండా రెండు చెవుల మధ్య పరుచుకుని, బాస్ పల్చగా ఉంటే ఒక డ్రైవర్ తీగలు తారుమారయ్యాయన్నమాట. స్వరం ఒక పక్కకు ఒరిగితే ఆ ఎదుటి మెత్త సరిగ్గా కూర్చోలేదేమో ముందుగా చూసి, తరవాత టంకం వేసిన చోట్లు వెతకండి. రేఖలు మళ్లీ తీసి మొదటివాటి మీద పెట్టి చూసినప్పుడు, 6,000 హెర్ట్జ్ చుట్టూ ఇంకా ఒక శిఖరం మిగిలి ఉంటే దానికోసం కప్పు మళ్లీ విప్పనక్కర్లేదు. ఈక్వలైజర్‌లో అక్కడ మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించుకోవచ్చు.