డిస్క్‌కి వెళ్లే దారిలో ఆలస్యాన్ని తగ్గించడం ఎలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో షేర్ ఆటో ఎక్కగానే బండి కదలదు. "ఇంకో ఇద్దరొస్తే ఎల్లిపోదాం బాబూ" అంటాడు. ఆమదాలవలస స్టేషన్‌కైతే సరే, దారి పది కిలోమీటర్ల పైమాటే. పక్కనున్న అరసవల్లికి కూడా పావుగంట కూర్చోబెడితే మాత్రం దిగి నడిచిపోవాలనిపిస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ డిస్క్‌తో చేసే పనీ ఇంచుమించు ఇదే. ప్రోగ్రామ్ ఒక ఫైల్ అడిగితే, డేటా అప్పటికే మెమరీలో లేనప్పుడు, ఆ రిక్వెస్ట్ ఫైల్ సిస్టమ్, బ్లాక్ లేయర్ (డిస్క్ రిక్వెస్టులు చూసుకునే భాగం), షెడ్యూలర్ (రిక్వెస్టులను కాసేపు ఆపి వరుస సర్దేది), డ్రైవర్ అన్నీ దాటి డిస్క్‌ని చేరుతుంది. పనయ్యాక డిస్క్ ఇంటరప్ట్ (పనైందన్న సంకేతం) ఇస్తుంది, జవాబు వెనక్కి వస్తుంది. హార్డ్ డిస్క్‌లో డేటా చదివే హెడ్ సరైన చోటికి చేరేసరికే సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. దారిలో పోయే నాలుగైదు మైక్రోసెకన్లు అక్కడ ఎవరికీ పట్టవు. మంచి ఎన్‌వీఎంఈ (కొత్త తరం వేగమైన కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ 100 మైక్రోసెకన్ల లోపే జవాబిస్తుంది కాబట్టి, అక్కడ ఆ నాలుగైదే బరువవుతాయి. లైనక్స్‌లో వాటిని ఇలా తగ్గించుకోవచ్చు.

1. ముందు కొలవండి

డిస్క్ పనితీరు లెక్కలు చూపే ఐఓస్టాట్ కమాండ్‌ని ఎక్స్ ఆప్షన్‌తో నడిపి, ఒక్కో రీడ్‌కి సగటున ఎంతసేపు పడుతోందో, క్యూలో ఎన్ని రిక్వెస్టులు నిలబడ్డాయో రాసుకోండి. చివర్లో కనిపించే యుటిలైజేషన్ శాతాన్ని ఎస్‌ఎస్‌డీ విషయంలో నమ్మకండి. ఒకేసారి చాలా పనులు చేయగల డిస్క్, నూరు శాతం చూపిస్తూనే ఇంకా పని తీసుకోగలదు. డిస్క్ వేగం కొలిచే ఫియో టూల్‌తో టెస్ట్ చేస్తే రీడ్ టెస్ట్ మాత్రమే చేయండి. నేరుగా డిస్క్ మీద రైట్ టెస్ట్ పెడితే ఉన్న డేటా పోతుంది, మళ్లీ రాదు.

2. షెడ్యూలర్‌ని సరిచూడండి

సెట్టింగుల్లో ఎక్కువ తేడా కనిపించేది ఇక్కడే. లైనక్స్ సెట్టింగులుండే సిస్ ఫోల్డర్‌లో బ్లాక్, అందులో మీ డిస్క్ పేరు, అందులో క్యూ. అక్కడ షెడ్యూలర్ అనే ఫైల్ తెరిస్తే, ప్రస్తుతం నడుస్తున్నది స్క్వేర్ బ్రాకెట్లలో ఉంటుంది. మార్చాలంటే రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) ఆ ఫైల్‌లో కావలసిన పేరు రాస్తే చాలు.

ఎన్‌వీఎంఈకి 'నన్' (షెడ్యూలర్ ఏదీ వద్దని) పెట్టండి. అంటే ఎవరికోసమూ ఆగకుండా ఆటో కదిలిపోతుంది. సాటా (పాత తరం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీకి ఎంక్యూ-డెడ్‌లైన్ అనే షెడ్యూలర్ బాగుంటుంది. హార్డ్ డిస్క్‌కి మాత్రం వరుస సర్దేవాడు ఉండాల్సిందే, అక్కడ బీఎఫ్‌క్యూ లేదా ఎంక్యూ-డెడ్‌లైన్.

ఈ చివరి మాట అనుభవం మీద చెబుతున్నాను. మా స్టూడియోలో పెళ్లి ఫొటోల బ్యాకప్ ఒక పాత హార్డ్ డిస్క్‌కి వెళ్తుంది. ఉత్సాహంలో దానికీ నన్ పెట్టేశాను. బ్యాకప్ నడుస్తుండగా అదే డిస్క్‌లో ఆల్బమ్ తెరిస్తే, కస్టమర్ పక్కనే కూర్చుని చూస్తుండగా, పెళ్లికూతురు మొహం చారలు చారలుగా పైనుంచి కిందికి దిగింది. బీఎఫ్‌క్యూ పెట్టాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

సాటా డిస్కులు వాడే ఏహెచ్‌సీఐ పద్ధతిలో పోర్టుకి ఒక్కటే క్యూ, అందులో 32 కమాండ్లు. ఎన్‌వీఎంఈ ప్రమాణంలో క్యూలే 65 వేల దాకా ఉండొచ్చు. అందుకే లైనక్స్ 2014లో 3.13 వెర్షన్‌తో ఒక్క క్యూ, ఒక్క తాళం (ఒకసారికి ఒక్క కోర్‌నే లోపలికి వదిలే లాక్) పద్ధతికి ప్రత్యామ్నాయంగా, ప్రాసెసర్ కోర్‌కో క్యూ ఇచ్చే కొత్త బ్లాక్ లేయర్ తెచ్చింది. 2019లో 5.0 వచ్చేసరికి పాత దారిని పూర్తిగా తీసేశారు.

3. చిన్న చిన్న రిక్వెస్టులు మానండి

ఫైళ్లు, డిస్కులు కాపీ చేసే డీడీ కమాండ్‌కి బ్లాక్ సైజు చెప్పకపోతే 512 బైట్ల చొప్పున చదువుతుంది. అంటే 1 జీబీ కాపీకి 20 లక్షలకు పైగా రీడ్లు, అన్నే రైట్లు. ప్రతిసారీ ప్రోగ్రామ్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) గడప తొక్కి రావాలి. సైజు 1 ఎంబీ అని చెప్పండి, ఆ లెక్క 1024కి దిగుతుంది. షెడ్యూలర్‌తో ఎంత కుస్తీ పట్టినా ఇంత లాభం రాదు. మీరే ప్రోగ్రామ్ రాసేవారైతే, 2019లో 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్ చూడండి. పదుల రిక్వెస్టులు ఒక వలయంలో పేర్చి, ఒక్క సిస్టమ్ కాల్‌తో అన్నీ అప్పజెప్పవచ్చు.

4. మిగిలిన చిన్న సర్దుబాట్లు

అదే క్యూ ఫోల్డర్‌లో ఆర్‌క్యూ అఫినిటీకి 2 రాస్తే, రిక్వెస్ట్ పంపిన కోర్ మీదే దాని ముగింపు పనీ జరుగుతుంది. ఐఓస్టాట్స్ ఫైల్‌లో 0 పెడితే లెక్కలు రాసే పని తప్పుతుంది గానీ, మొదటి మెట్టులో వాడిన ఐఓస్టాట్‌కి ఇక ఏమీ కనిపించదు. ఆ కాస్త లాభానికి కళ్లు మూసుకోవడం నాకు నచ్చదు, నేను పెట్టను.

5. రీబూట్ తర్వాతా నిలిచేలా చేయండి

సిస్ ఫోల్డర్‌లో రాసినవన్నీ రీబూట్‌తో పోతాయి. నిలవాలంటే యూడెవ్ రూల్ (డిస్క్ కనిపించగానే దానంతటదే అమలయ్యే సెట్టింగ్) రాయాలి. అందులో రొటేషనల్ (డిస్క్ తిరిగేదా కాదా అనే) విలువ 1 అయితే హార్డ్ డిస్క్, 0 అయితే ఎస్‌ఎస్‌డీ అని విడగొట్టవచ్చు. యూఎస్‌బీ కేసులో పెట్టిన ఎస్‌ఎస్‌డీ ఒక్కోసారి 1 అని చూపిస్తుంది, దాన్ని విడిగా చూసుకోండి.

రీబూట్ చేసి, మొదట రాసుకున్న అంకెలతో మళ్లీ పోల్చండి. క్యూ ఖాళీగా ఉండి, రీడ్ సమయం కూడా తక్కువగానే ఉన్నా సిస్టమ్ ఈడుస్తుంటే డిస్క్ దారిని వదిలేసి ర్యామ్ ఎంత మిగిలిందో చూడండి.