పులి జాడ – 4వ పాఠం: కెమెరాలు జంటగా ఎందుకు?

పోయిన పాఠంలో ఇసుకలో అడుగుజాడ కొలిచాం. పులి వెళ్లిందని ఆ జాడ చెబుతుంది. ఏ పులి అన్నది మాత్రం ఖాయంగా చెప్పలేదు, ఎందుకంటే ఒకే పులి తడి మట్టిలో ఒకలా, దుమ్ములో మరోలా ముద్ర వేస్తుంది. దేశంలో దశాబ్దాల పాటు ఈ జాడల మీదే లెక్కలు కట్టారు. తీరా 2005 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులున్నాయి, అడవిలో లేవు. 2006 నుంచి జాతీయ గణనలోకి ట్రాప్ కెమెరాలు, అంటే ముందు వెచ్చనిదేదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీసేవి, వచ్చాయి.

ఏ రెండు పులుల చారలూ కలవవని మీకు తెలిసే ఉంటుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది ఆ తర్వాతి సంగతి దగ్గర: ఒకే పులికి ఎడమ పక్క చారలు, కుడి పక్క చారలు కూడా కలవవు. బాట పక్కన ఒక్క కెమెరానే ఉందనుకోండి. సోమవారం పులి వెళ్తూ ఎడమ పక్క చూపింది, గురువారం తిరిగొస్తూ కుడి పక్క చూపింది. మీ పుస్తకంలో రెండు పులులు! అందుకే బాటకు ఇరువైపులా జంటగా కడతారు.

ఎత్తు సుమారు మోకాలి దాకా, అంటే 40–45 సెంటీమీటర్లు. సూటిగా ఎదురెదురుగా పెట్టకండి, ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫొటోను తెల్లబరుస్తుంది. కాస్త ఓరగా ఉంచండి. ముందున్న గడ్డిని పోచ కూడా మిగలకుండా కోయండి. ఎండకు కాగి గాలికి ఊగే ఒక్క పోచ చాలు, కార్డు నిండా ఖాళీ ఫొటోలే. చివరగా, సిగ్గుపడకుండా, మీరే నాలుగు కాళ్ల మీద కెమెరా ముందు నడిచి చూడండి.

ఫొటోలు పోల్చేటప్పుడు భుజాన్ని నమ్మకండి, నడకలో అక్కడి చర్మం సాగుతుంది. డొక్క, తొడ చూడండి. ఒక చార రెండుగా చీలి మళ్లీ కలిసే చోటు పట్టుకోండి. అలాంటివి మూడు కుదిరితేనే ‘అదే పులి’ అని రాయండి.

ఈ చాదస్తమంతా ఎందుకంటే, నల్లమలలో ఫొటో పడిన పులే దక్షిణాన శేషాచలం వైపు మళ్లీ పడితే, ఆ రెంటి నడుమ పులికి దారి ఉన్నట్టే. అక్కడ రోడ్డో గనో వస్తుందన్నప్పుడు చూపించడానికి ఆ ఫొటోల జత చేతిలో ఉంటుంది.

అటవీ శాఖ అనుమతి లేకుండా పులుల అడవిలో కెమెరా కట్టే ఆలోచన చేయకండి. ఇంటిపనికి మచ్చల మేకలు చాలు. ఆరు మేకలను రెండు రోజులు, తల కనబడకుండా, ఏ పక్క దొరికితే ఆ పక్క ఫొటో తీయండి. అన్నీ కలిపేసి మేకలెన్నో లెక్కించండి. తర్వాత ప్రతి మేకనూ రెండు పక్కలా తీసి మళ్లీ లెక్కించండి. మొదటిసారి నా లెక్కలో ఆరు మేకలూ తొమ్మిదయ్యాయి.