కమ్యూనిటీ కాలేజీలో మొదటి సెమిస్టర్: సాయం ఎక్కడ దొరుకుతుంది, ఎలా అడగాలి?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీకి, అంటే రెండేళ్ల కాలేజీకి, వెళ్లే మనవాళ్లలో చాలామంది రోజు ఒకేలా గడుస్తుంది. పార్కింగ్‌లో చోటు వెతుక్కోవడం, క్లాసుకు పరిగెత్తడం, క్లాసు అవగానే కారెక్కి పనికో ఇంటికో వెళ్లిపోవడం. నేనూ మొదట్లో అలాగే ఉన్నాను. కాలిక్యులస్ మొదటి మిడ్‌టర్మ్‌లో మార్కులు బాగా తక్కువ వచ్చాయి. ఆ రోజు ప్రింటర్ కోసం వెతుక్కుంటూ లైబ్రరీ కింది అంతస్తుకు వెళ్తే అక్కడ ఒక పెద్ద హాలు కనిపించింది. గుండ్రటి బల్లలు, గోడల నిండా వైట్‌బోర్డులు, బల్లకొక ట్యూటర్. మా క్లాసువాళ్లే నలుగురు అక్కడ కూర్చుని, నేను పరీక్షలో వదిలేసిన లెక్కనే బోర్డు మీద చేస్తున్నారు. వాళ్లు మొదటి వారం నుంచీ వస్తున్నారట. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, స్టూడెంట్ ఐడీ స్కాన్ చేసి కూర్చోవడమే.

కమ్యూనిటీ కాలేజీల్లో సాయానికి కొదవ లేదు. కానీ అది మన దగ్గరికి నడిచి రాదు. చాలా కాలేజీల్లో హాస్టళ్లు ఉండవు కాబట్టి రాత్రి కబుర్లలో సీనియర్లు చెప్పే విషయాలేవీ మన చెవిన పడవు. అందుకే ఏ వారంలో ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే అనుకుని వెళ్లాలి. ఆ వరుస ఇది.

1. క్లాసులు మొదలవక ముందే అడ్వైజర్‌ను కలవండి

వీళ్లను కొన్ని రాష్ట్రాల్లో అడ్వైజర్ అంటారు, కాలిఫోర్నియాలో కౌన్సెలర్ అంటారు. ఆన్‌లైన్‌లో మీ అంతట మీరే క్లాసులు ఎంచుకోవచ్చు, నిజమే. కానీ నాలుగేళ్ల యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకునేవాళ్లకు ఒక్క తప్పు క్లాసు వల్ల ఒక సెమిస్టర్ పోవచ్చు. ఇక్కడ పాసైన క్లాసును అక్కడ క్రెడిట్‌గా తీసుకోవడం ఒకటి, అది మీ మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) లెక్కలోకి రావడం ఇంకొకటి. ఈ తేడా తెలియక నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను.

వెళ్లేముందు కొంత హోంవర్క్ చేయండి. కాలిఫోర్నియాలో అయితే అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో మీ కాలేజీ క్లాసు ఏ యూనివర్సిటీలో ఏ క్లాసుకు సమానమో కనిపిస్తుంది. టెక్సస్‌లో కామన్ కోర్స్ నంబరింగ్ ఉంది. అక్కడి పబ్లిక్ యూనివర్సిటీలలో మీ క్లాసు దేనికి సమానమో ఆ నంబరును బట్టి తెలుస్తుంది. మీరు వెళ్లాలనుకునే రెండు మూడు యూనివర్సిటీల పేర్లు, మేజర్, ఇండియాలోనో హైస్కూల్లోనో చదివినవాటి మార్కుల కాగితాలు పట్టుకెళ్లండి. "ఏం తీసుకోమంటారు?" అని అడిగితే పొడి సమాధానమే వస్తుంది. "నేను ఫలానా యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కు వెళ్లాలి, ఈ లెక్కల వరుస సరిపోతుందా?" అని అడిగితే ఆ అరగంట మీకు పనికొస్తుంది. లేచే ముందు చివరి సెమిస్టర్ వరకు ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకుని పోర్టల్‌లో సేవ్ చేయించండి. అడ్వైజర్ మారినా ఆ ప్లాన్ ఉంటుంది.

2. మొదటి వారంలో ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు ఒక్కసారి వెళ్లండి

సిలబస్ పేపర్ మొదటి పేజీలోనే ఆ వేళలు ఉంటాయి. ఈ కాలేజీల్లో క్లాసులు చిన్నవి, ముప్పై నలభై మందికి మించి ఉండటం అరుదు. ప్రొఫెసర్ల ప్రధాన పని పాఠం చెప్పడమే. మనకు చిన్నప్పటి నుంచీ మాస్టారి గది అంటే తప్పు చేసినప్పుడు పిలిచే చోటు. ఇక్కడ అలా కాదు. ఆ గంట మీకోసమే పెట్టింది. మొదటిసారి పెద్ద సందేహమేమీ అక్కర్లేదు. పేరు చెప్పి, ఈ క్లాసు ఎందుకు తీసుకున్నారో చెప్పి, ఈ సబ్జెక్టులో పిల్లలు ఎక్కువగా ఎక్కడ ఇబ్బంది పడతారో అడగండి. ఐదు నిమిషాల పని. రెండేళ్ల తర్వాత సిఫార్సు లేఖ కావలసి వచ్చినప్పుడు మిమ్మల్ని గుర్తుపట్టే మనిషి ఒకరుంటారు.

3. రెండో వారం నుంచే ట్యూటరింగ్ సెంటర్‌లో కూర్చోండి

ఈ ఒక్క అలవాటు గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. వెనకబడ్డాక వెళ్దాంలే అనుకోకండి. హోంవర్క్ చేసుకునే స్థలంగా దాన్ని వాడుకోండి. పుస్తకం తెరిచి మీ లెక్కలు మీరు చేసుకుంటూ ఉండండి, ఆగిపోయిన చోట చెయ్యెత్తండి. ట్యూటర్ జవాబు చెప్పరు. మీరు రాసిన మూడో లైను దగ్గర వేలు పెట్టి "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?" అని అడుగుతారు. చెప్పబోయేసరికి తప్పు మనకే కనిపిస్తుంది. ఇంట్లో వీడియో చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే చేయి కదలదు. ఆ తేడాను పరీక్షకు ముందే బయటపెట్టేది ఈ బల్లే.

రైటింగ్ సెంటర్ వేరుగా ఉంటుంది. అక్కడ మీ వ్యాసంలోని గ్రామర్ తప్పులన్నీ దిద్ది ఇవ్వరు, ఆ ఆశతో వెళ్తే నిరాశే. మీ వాదన ఎక్కడ తెగిపోయిందో, ఏ పేరాకు ఉదాహరణ లేదో చెబుతారు. ప్రొఫెసర్ ఇచ్చిన అసైన్‌మెంట్ కాగితం తప్పకుండా తీసుకెళ్లండి. అది లేకుండా వెళ్తే వాళ్లు కూడా ఊహించి చెప్పాల్సి వస్తుంది. డెడ్‌లైన్ ముందు రోజు కాకుండా మూడు నాలుగు రోజుల ముందు వెళ్తే మార్చుకునే టైమ్ ఉంటుంది. మిడ్‌టర్మ్ వారాల్లో అపాయింట్‌మెంట్లు దొరకవు.

రాత్రి పనిచేసేవాళ్లకు చాలా కాలేజీలు ఆన్‌లైన్ ట్యూటరింగ్ కూడా ఇస్తాయి. కోర్సు పేజీలోనే లింక్ ఉంటుంది.

4. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే దాచుకోకండి

ముందు మీ స్టేటస్ ఏమిటో చూసుకోండి, ఎందుకంటే దాన్నిబట్టి దారులు మారతాయి. సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు ఫాఫ్సా అనే ఫెడరల్ సాయం ఫారం నింపాలి. ఇంటి ఆదాయాన్నిబట్టి పెల్ గ్రాంట్ వస్తుంది. 2025-26లో దాని గరిష్ఠ మొత్తం ఏడాదికి 7,395 డాలర్లు. సాధారణంగా తిరిగి కట్టక్కర్లేదు. ఎఫ్-1 (విద్యార్థి), హెచ్-4 (హెచ్-1బీ లాంటి వీసాల వాళ్ల కుటుంబసభ్యులు) వీసాల వాళ్లకు ఈ ఫెడరల్ సాయం రాదు. అంతమాత్రాన దారులన్నీ మూసుకుపోలేదు. కాలేజీ ఫౌండేషన్ ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో కొన్నింటికి స్టేటస్ అడ్డం కాదు. వాటికి అప్లై చేసేవాళ్లే తక్కువ. రెండు పేజీల వ్యాసం రాయాలని బద్ధకించి వదిలేస్తారు.

పుస్తకాలు కొనేముందు లైబ్రరీ కౌంటర్‌లో "రిజర్వ్‌లో ఉందా?" అని అడగండి. ప్రొఫెసర్లు ఒక కాపీ అక్కడ ఉంచుతారు, రెండు గంటలు అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. క్లాసుల షెడ్యూల్లో పుస్తకం ఖర్చు లేని సెక్షన్లకు ప్రత్యేకంగా గుర్తు పెడతారు, రిజిస్టర్ చేసేటప్పుడే చూసుకోండి. ల్యాప్‌టాప్, గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్, వైఫై హాట్‌స్పాట్ కూడా సెమిస్టర్ మొత్తానికి అరువిచ్చే కాలేజీలు ఉన్నాయి. మొదటి వారంలోనే అయిపోతాయి.

ఫుడ్ పాంట్రీ మాట రాగానే మనవాళ్లు తల దించుకుంటారు. అక్కడ జరిగేది ఇంతే: ఐడీ చూపించి లోపలికి వెళ్తే అరల్లో బియ్యం, పప్పుల డబ్బాలు, పాలు, గుడ్లు, కూరగాయలు ఉంటాయి. సంచి నింపుకుని వచ్చేయడమే. చాలాచోట్ల చేరిన ప్రతి విద్యార్థికీ అవకాశం ఉంటుంది, జీతం కాగితాలు అడగరు. అద్దె కట్టేసరికి చేతిలో ఏమీ మిగలక రోజూ ఒకపూట మ్యాగీతో సరిపెట్టుకుంటున్న వాళ్లు నాకు తెలుసు. ఆకలితో కెమిస్ట్రీ ల్యాబ్‌లో మూడు గంటలు నిలబడటం ఎవరివల్లా కాదు. దయచేసి వెళ్లండి.

5. క్లాసు డ్రాప్ చేసేముందు ఆగి రెండు చోట్ల అడగండి

క్లాసు చేయి దాటిపోతోందనిపిస్తే టెన్షన్‌లో అర్ధరాత్రి పోర్టల్ తెరిచి డ్రాప్ నొక్కేస్తాం. ఎఫ్-1 వీసా ఉన్నవాళ్లు ఆ పని అస్సలు చేయకూడదు. సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే 3 క్రెడిట్ల వరకే లెక్కలోకి వస్తుంది. అనారోగ్యం లాంటి కారణాలతో తగ్గించుకోవాల్సి వస్తే డీఎస్‌ఓ (ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ వీసా స్టేటస్ చూసే అధికారి) అనుమతి ముందుగా తీసుకోవాలి. డ్రాప్ చేశాక వెళ్లి చెబితే స్టేటస్ పోయే ప్రమాదం ఉంది. ఇంటర్నేషనల్ ఆఫీసు తలుపు ముందు తట్టండి, తర్వాతే పోర్టల్.

మిగతావాళ్లు అడ్వైజర్‌ను, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగాలి. తొలి గడువులోపు డ్రాప్ చేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏమీ ఉండదు, దాటితే డబ్ల్యూ (క్లాసు మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుంది. ఒకటి రెండు డబ్ల్యూలతో కొంప మునగదు, ఎఫ్ గ్రేడు (ఫెయిల్) కంటే చాలా నయం. కానీ ఎయిడ్ తీసుకుంటుంటే కొంత డబ్బు వెనక్కి కట్టాల్సి రావచ్చు. టెక్సస్‌లో ఇంకో నిబంధన ఉంది: 2007 ఫాల్ నుంచి పబ్లిక్ కాలేజీల్లో మొదటిసారి చేరినవాళ్లు మొత్తం డిగ్రీ చదువులో ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయకూడదు, కొన్ని మినహాయింపులు తప్ప.

6. మనసు బాగోలేనప్పుడు, చదువులో ప్రత్యేక సాయం కావాలనుకున్నప్పుడు

చాలా కాలేజీల్లో హెల్త్ సెంటర్ లేదా కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది. ఒక సెమిస్టర్‌లో కొన్ని సెషన్లు ఉచితం. అక్కడ మాట్లాడింది ప్రొఫెసర్లకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ చెప్పరు, ప్రాణాపాయం లాంటి పరిస్థితి తప్ప. రాత్రివేళ తట్టుకోలేనంతగా అనిపిస్తే దేశమంతటా 988 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పంపవచ్చు.

హైస్కూల్లో ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు స్కూలు రాసే ప్రణాళిక) ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇది జాగ్రత్తగా చదవాలి. స్కూల్లో అవసరాన్ని గుర్తించి ఏర్పాట్లు చేసే బాధ్యత స్కూలుది. కాలేజీకి వచ్చేసరికి ఐఈపీ అక్కడితో ఆగిపోతుంది. ఇప్పుడు విద్యార్థే డిసబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకు వెళ్లి, కాగితాలు చూపించి అడగాలి. ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా, తీవ్రమైన ఆందోళన, దీర్ఘకాలిక జబ్బులు అన్నీ ఇందులోకి రావచ్చు. పరీక్షకు అదనపు సమయం, నిశ్శబ్దమైన గది, నోట్స్ రాసిపెట్టే మనిషి లాంటివి ఇస్తారు. ప్రొఫెసర్‌కు అందే లేఖలో ఏర్పాట్ల వివరాలే ఉంటాయి, జబ్బు పేరు ఉండదు. ఒక పరీక్ష పోయాక అడిగితే ఆ పరీక్షను వెనక్కి వెళ్లి సరిచేయరు, కాబట్టి మొదటి వారంలోనే అడగాలి.

"కాలేజీకి నేను ఫోన్ చేసి కనుక్కుంటాలే" అనే అమ్మలకు ఒక మాట. 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిది, వయసు పద్దెనిమిది నిండకపోయినా సరే. సంతకం చేసిన అనుమతి లేకుండా సాధారణంగా మీకు మార్కులు చెప్పరు. ఆ క్లర్కు మీద కోప్పడి లాభం లేదు. మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లచేతే ఫోన్ చేయించండి.

7. వారంలో ఒక గంట క్లాసు కాని పనికి ఉంచండి

కొన్ని కాలేజీలు మధ్యాహ్నం ఒక గంట క్లాసులు పెట్టకుండా క్లబ్బుల కోసం ఖాళీగా వదులుతాయి. సెమిస్టర్ మొదట్లో క్లబ్ డే నాడు క్లబ్బులన్నీ బయట బల్లలు పెడతాయి. ఒకటి మన భాషవాళ్లది, ఒకటి మీ మేజర్‌ది ఎంచుకోండి. మొదటిది ఇంటి బెంగ తీరుస్తుంది, రెండోదానిలో ల్యాబ్ పార్ట్‌నర్లు, ఇంటర్న్‌షిప్ కబుర్లు దొరుకుతాయి. మీకు నచ్చింది లేకపోతే కొందరు విద్యార్థులు, సలహాదారుగా ఒక ప్రొఫెసర్ ఉంటే కొత్త క్లబ్ పెట్టుకోవచ్చు. ఫై థీటా కప్పా నుంచి మెయిల్ వస్తే స్పామ్ అనుకుని తీసేయకండి. 1918 నుంచీ ఉన్న రెండేళ్ల కాలేజీల ఆనర్ సొసైటీ అది. సాధారణంగా 12 క్రెడిట్లు, 3.5 జీపీఏ ఉంటే పిలుస్తారు. సభ్యత్వ రుసుము ఉంటుంది, కానీ ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ఆ సభ్యత్వం చూసి స్కాలర్‌షిప్ ఇచ్చే యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి.

ఉద్యోగం కావాలంటే క్యాంపస్‌లోనే చూడండి. ఎఫ్-1 వాళ్లకు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పనిచేసే వీలుంది. హెచ్-4 పిల్లలకు ఆ వీలు లేదు, జీతం వచ్చే పని ఏదీ ఒప్పుకోకండి. లైబ్రరీ, ట్యూటరింగ్ సెంటర్, అడ్మిషన్ల కౌంటర్‌లో పని దొరికితే పరీక్షల వారంలో గంటలు తగ్గించమని అడిగితే అర్థం చేసుకుంటారు. బయట స్టోర్‌లో అడిగి చూడండి, తేడా తెలుస్తుంది.

8. పన్నెండో వారంలో మళ్లీ అడ్వైజర్ దగ్గరికి

తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ అప్పటికే తెరుస్తారు. ల్యాబ్ ఉన్న సెక్షన్లు గంటల్లో నిండిపోతాయి కాబట్టి మీ రిజిస్ట్రేషన్ తేదీ, సమయం పోర్టల్‌లో చూసుకుని అలారం పెట్టుకోండి. కాలిఫోర్నియాలో యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు) వెళ్లాలనుకునేవాళ్లు ట్రాన్స్‌ఫర్ సెంటర్‌లో ట్యాగ్ గురించి అడగండి. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఏదైనా ఒక్కదానికి, అక్కడి షరతులు తీరితే, ముందుగానే సీటు హామీ ఇచ్చే ఒప్పందం అది. ఫాల్‌లో చేరాలంటే దాని దరఖాస్తు ముందు ఏడాది సెప్టెంబరు నెలలో మాత్రమే తీసుకుంటారు. అసలు యూసీ దరఖాస్తు పంపడం అక్టోబరులో మొదలవుతుంది. రెండూ వేర్వేరు, రెండూ పంపాలి.