విడిపోయిన జంట మళ్ళీ కలిసే సస్పెన్స్ నవలకి పనికొచ్చే రివ్యూ రాయడం ఎలా

రొమాంటిక్ సస్పెన్స్ నవలల రివ్యూలు చూస్తే ఎక్కువగా రెండు రకాలే కనిపిస్తాయి. ఒకటి "సూపర్, కింద పెట్టలేకపోయాను, హీరో కేక" అని రెండు ముక్కల్లో తేల్చేసేది. రెండోది మొదటి చాప్టర్ నుంచి హంతకుడు దొరికేదాకా కథంతా పూసగుచ్చినట్టు చెప్పేసి చివర్లో "బావుంది" అనేది. రెండూ చదివాక కూడా పుస్తకం కొనాలా వద్దా అన్నది తేలదు. ఒకప్పుడు ప్రేమించుకుని, విడిపోయి, ఏళ్ళ తర్వాత ఏదో ప్రమాదం మూలంగా మళ్ళీ ఎదురుపడే జంట కథైతే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే వీటిని చదివేవాళ్ళు రెండు ప్రశ్నలతో వస్తారు: అప్పుడు ఎందుకు విడిపోయారు, ఇప్పుడు వెంటపడుతున్నది ఎవరు. రివ్యూ ఆ జవాబులు బయటపెట్టకూడదు, కానీ అవి నిలబడే జవాబులేనా అన్నది మాత్రం చెప్పి తీరాలి.

ఈ కోవ నవలలు ఎక్కువగా అమెరికా నుంచి వస్తాయి, వాటికి పాఠకులతో ఒక ఒప్పందం లాంటిది ఉంది. 1980లో మొదలైన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంఘం రొమాన్స్ నవలకి పెట్టిన షరతులు రెండే: కథకి కేంద్రం ప్రేమకథే అయి ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినిస్తూ ఆశతో ఉండాలి. కాబట్టి "చివరికి కలుస్తారు" అని రాస్తే అది స్పాయిలర్ (ముందే చెప్పేసి మజా పోగొట్టే సంగతి) కిందకి రాదు, చదివేవాళ్ళకి ఆ సంగతి కొనేటప్పుడే తెలుసు. కలవకపోతే మాత్రం ఎక్కడో ఒకచోట చెప్పండి, స్పాయిలర్ కింద దాచిపెట్టైనా సరే. ఆ నమ్మకంతో కొన్నవాళ్ళకి ఆఖరి చాప్టర్లో అలాంటి దెబ్బ తగిలితే చాలా బాధేస్తుంది.

రివ్యూ పని చదివేటప్పుడే మొదలవుతుంది. పెద్ద నోట్స్ అక్కర్లేదు, కిండిల్‌లో హైలైట్ చేసినా, పేజీ మూల మడిచినా చాలు, కానీ మూడు చోట్లు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇద్దరూ మళ్ళీ మొదటిసారి ఎదురుపడ్డ చోటు, విడిపోయిన కారణం పూర్తిగా బయటపడ్డ చోటు, మీకు ఎవరి మీదైనా మొదటిసారి అనుమానం వచ్చిన చోటు. మూడోది అక్కడికక్కడే రాసిపెట్టుకోవాలి. పుస్తకం అయిపోయాక అందరికీ "నాకు ముందే తెలుసు" అనిపిస్తుంది, పుస్తకంలో 35 శాతం దగ్గర మీరు నిజంగా ఎవరిని అనుమానించారో ఆ చీటీయే చెప్పాలి. రెండోది ఎంత శాతం దగ్గర వచ్చిందో కూడా చూడండి, ఎందుకంటే ఆ కారణాన్ని 80 శాతం దాకా దాచిపెట్టి అంతవరకు "ఆ రాత్రి జరిగింది", "ఆ విషయం" అంటూ లాగితే చాలామందికి విసుగు. అదే మొదటి పావులోనే చెప్పేసి, మిగతా పుస్తకమంతా దాని గాయం చూపిస్తే ఇంకొంతమందికి ప్రాణం. మీ రివ్యూ చదివే మనిషి ఈ ఇద్దరిలో ఎవరో మీకు తెలియదు కాబట్టి ఏ రకమో చెప్పేయండి.

ఇక అసలు సంగతి, విడిపోయిన కారణం. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయేదా, లేక నిజంగా ఇద్దరూ దాటలేనిదా? కారణాలు మామూలుగా కొన్నే ఉంటాయి. ఎవరో అబద్ధం చెప్పారు, తండ్రి ఉత్తరాలు దాచేశాడు, అతను ఎవరికీ చెప్పలేని డ్యూటీ మీద వెళ్ళిపోయాడు, బిడ్డ పోయిన దుఃఖంలో ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు, లేదా ఒకరు నిజంగానే మోసం చేశారు. ఏదైనా కావచ్చు, దాని బరువు విడిగా గడిపిన ఏళ్ళకి సరిపోవాలి. ఆరు నెలల ఎడబాటుకి అపార్థం చాలు, పన్నెండేళ్ళకి చాలదు. ఆ పన్నెండేళ్ళలో ఒక్కసారైనా ఎందుకు వెతకలేదు అన్న ప్రశ్న పాఠకుడికి వచ్చే తీరుతుంది, దానికి రచయిత దగ్గర జవాబు ఉందో లేదో రాయండి.

తర్వాత క్షమాపణ. నా మట్టుకు ఈ కథలన్నింటికీ ఇదే గుండెకాయ, చాలా రివ్యూలు దీన్ని ముట్టుకోకుండానే వదిలేస్తాయి. సస్పెన్స్ కలిసిన కథలో రచయితకి ఒక అడ్డదారి దొరుకుతుంది: అతను ఆమెకి తగలాల్సిన తూటాకి అడ్డంపడతాడు, ఆసుపత్రి మంచం పక్కన ఆమె ఏడుస్తుంది, పాత బాకీ అంతా తీరిపోయినట్టే. తీరలేదు. ప్రాణం కాపాడటం వేరు, చేసిన తప్పు పేరు పెట్టి చెప్పి క్షమించమని అడగటం వేరు. ముక్కూమొహం తెలియని వాళ్ళ ప్రాణాలు కూడా పోలీసు కాపాడతాడు, అది అతని ఉద్యోగం. అతను (లేదా ఆమె, వదిలేసి వెళ్ళింది ఆమె కూడా కావచ్చు) ఏం తప్పు చేశారో నోరు తెరిచి ఒప్పుకున్నారా, ఆ తర్వాత ప్రవర్తన మారిందా, అవతలి మనిషికి కోపంగా ఉండటానికి తగినంత టైమ్ ఇచ్చారా అన్నది చూసి రాయండి. ఇంగ్లీషు పాఠకులు దీన్ని గ్రోవెల్ అంటారు, "గ్రోవెల్ సరిపోలేదు" అన్న ఒక్క మాట చూసి పుస్తకం పక్కన పెట్టేసేవాళ్ళు బోలెడుమంది.

మెచ్చుకోవడానికైనా, తిట్టడానికైనా ఒక్క చిన్న సీన్ పట్టుకోండి. ఉదాహరణకి ఇలా ఉందనుకోండి. ఇద్దరూ ఎవరి కంటా పడకుండా ఒక ఇంట్లో దాక్కున్నారు. తెల్లవారుజామున అతను కాఫీ కలిపి, ఒకప్పుడు ఆమె తాగినట్టే రెండు చెంచాల చక్కెర వేసి ఇస్తాడు. ఆమె ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టి, చక్కెర మానేసి ఆరేళ్ళయిందంటుంది. అతను ఏమీ అనకుండా ఆ కాఫీ సింకులో పారబోసి మళ్ళీ కలుపుతాడు. అతని మనసులో ఉన్న మనిషి, ఎదురుగా కూర్చున్న మనిషి ఒకరు కారని నాలుగు లైన్లలో తెలిసిపోయింది. ఇలాంటి సీన్ ఒకటి మీ రివ్యూలో ఉంటే "కెమిస్ట్రీ అదిరింది" అని పదిసార్లు రాయక్కర్లేదు. పుస్తకంలో ఎంత వెతికినా అలాంటిది ఒక్కటీ దొరకకపోతే, ఇద్దరూ పాత ఫొటోలు చూసుకున్నట్టు పాత రోజులే తలుచుకుంటూ కూర్చుంటే, అదీ చెప్పాల్సిన విషయమే. పాత ప్రేమ ఉందని మాటల్లో చెప్పారు, ఇప్పుడు ఎందుకు ప్రేమించుకుంటున్నారో చూపించలేదు అని రాయండి.

సస్పెన్స్ వైపు చూడాల్సినవి త్వరగా చెప్తాను. హంతకుడి మనసులోంచి రాసిన చాప్టర్లు ఉన్నాయా, ఎందుకంటే కొందరు వాటిని దాటేసి చదువుతారు, కొందరికి అవే కావాలి. క్లూలు ముందునుంచీ ఉన్నాయా, లేక ఆఖర్లో ఎక్కడినుంచో ఒక మనిషిని తెచ్చి పెట్టారా. వెనకాల తుపాకీ పట్టుకుని ఎవరో తరుముతుంటే మధ్యలో ఆగి ప్రేమ సీన్ నడిపారా. హీరోయిన్ ఎవరికీ చెప్పకుండా రాత్రిపూట ఒంటరిగా గోడౌన్‌కి వెళ్తే అందరం విసుక్కుంటాం, కానీ అక్కడ న్యాయంగా ఉండాలంటే ఆ నిమిషానికి ఆమెకి ఏం తెలుసో చూడాలి. హంతకుడి చాప్టర్ చదివిన మనకి తెలిసింది ఆమెకి తెలియదు కదా.

పోలీసు వ్యవహారాలు అమెరికావి కాబట్టి మన పద్ధతితో కొలవద్దు. అక్కడ షెరీఫ్ సాధారణంగా కౌంటీ జనం ఓట్లేసి ఎన్నుకున్న మనిషి, అందుకే చిన్న ఊరి కథల్లో అతనికి అంత పలుకుబడి. సాక్షుల్ని కొత్త పేర్లతో దాచిపెట్టే ఫెడరల్ కార్యక్రమాన్ని నడిపేది మార్షల్స్ సర్వీస్, ఎఫ్.బి.ఐ. కాదు. ఇలాంటివి నవలలో తప్పుంటే ఒక లైన్లో చెప్పచ్చు, దానికే స్టార్లు కోసేయక్కర్లేదు. కేసు చూసే డిటెక్టివ్ పాత ప్రేమికుడై, సాక్షి ఆమే అయి, ఆ విషయం పై అధికారులెవరికీ పట్టకపోతే మాత్రం తప్పకుండా రాయండి, అది కథ పునాదికే సంబంధించింది.

పుస్తకం ఎంత పెద్దదో కూడా చూసి తీర్పు చెప్పాలి. హార్లెక్విన్ వాళ్ళ ఇంట్రిగ్ వరస 1984 నుంచీ వస్తోంది, ఒక్కో నవల సుమారు 55,000 మాటలు. అంతలో హత్య, గతం, సయోధ్య మూడూ పట్టించాలి. దాంట్లో గతం రెండు చాప్టర్లలో తేలిపోతే ఒప్పుకోవచ్చు, దానికి రెండింతలున్న నవలలో అలా చేస్తే ఒప్పుకోలేం.

స్పాయిలర్ల దగ్గర అందరికీ తెలిసిన జాగ్రత్త ఒకటుంది, హంతకుడి పేరు చెప్పకూడదు. తెలియకుండా చేసేవి ఇంకా ఉన్నాయి. "నేను ఫ్రెండ్‌ని అనుమానించా, కాదని తేలింది" అని రాస్తే చదివేవాళ్ళకి ఒక అనుమానితుడు తగ్గిపోయినట్టే. "కలలో కూడా ఊహించలేరు" అంటే వాళ్ళు మొదటి పేజీ నుంచే అందరికంటే మంచివాడిగా కనిపించే మనిషిని పట్టుకుంటారు. "70 శాతం దాకా నేను తప్పు మనిషి వెంట పడ్డాను" అని పేరు లేకుండా రాస్తే చాలు. బ్లర్బ్‌లో (వెనక అట్ట మీది పరిచయంలో) ఉన్నదీ, మొదటి పావులో జరిగేదీ చెప్పచ్చు. అంతకు మించి చెప్పాల్సి వస్తే, పాఠకులు రివ్యూలు పెట్టే సైటు గుడ్‌రీడ్స్‌లో స్పాయిలర్ భాగాన్ని దాచే వీలుంది, దాన్ని వాడండి.

స్టార్ల లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఇది చాలామంది పట్టించుకోరు. గుడ్‌రీడ్స్‌లో రెండు స్టార్లంటే పరవాలేదని, మూడంటే నచ్చిందని అర్థం, అర స్టార్ ఇవ్వడం కుదరదు. అమెజాన్‌లో అదే మూడు స్టార్ల రివ్యూ విమర్శల లెక్కలోకి వెళ్తుంది. పుస్తకాల రివ్యూల ఇంకో సైటు స్టోరీగ్రాఫ్‌లో పావు స్టార్ కూడా ఇవ్వచ్చు. అందుకే అంకెతో వదిలేయకుండా, ప్రేమకథకి ఎంత, సస్పెన్స్‌కి ఎంత అని విడివిడిగా రాస్తే మీ స్టార్లు ఎక్కడ తగ్గాయో తెలుస్తుంది. పార్సిల్ లేటయిందనో, అట్ట నలిగిందనో ఒక్క స్టార్ ఇవ్వడం మాత్రం దయచేసి వద్దు, అది రచయిత తప్పు కాదు.

ముందే హెచ్చరించాల్సినవి కూడా ఉంటాయి. ఆడవాళ్ళ మీద హింస, వెంటపడి వేధించడం, బిడ్డ పోవడం, పాత పెళ్ళిలో దెబ్బలు, ఇవి ఈ నవలల్లో తరచూ వస్తాయి. ప్రేమ సీన్లు ఎంత బోల్డ్‌గా ఉన్నాయో కూడా ఒక ముక్క రాస్తే, చదివి అమ్మకో చెల్లికో ఇద్దామనుకునేవాళ్ళకి ఉపయోగం. ఇంకోటి, కాపాడే పేరుతో హీరో ఆమెకి తెలియకుండా ఫోన్ ట్రాక్ చేయడం, ఇంటి బయట కారులో కాపు కాయడం ఉంటుంది. దాన్ని కథ ప్రేమగా చూపిస్తోందా, ఆమె నిలదీసిందా అన్నది రాయండి. నాకైతే ఆమె నిలదీయని పుస్తకానికి నాలుగో స్టార్ ఇవ్వబుద్ధి కాదు.

అన్నీ కలిపితే ఎలా ఉంటుందో ఒక ఊహించిన నవలకి రాసి చూపిస్తాను:

"పెళ్ళికి వారం ముందు వదిలేసి వెళ్ళిపోయిన మనిషి పన్నెండేళ్ళ తర్వాత, ఆమె చెల్లెలి హత్య కేసు చూసే డిటెక్టివ్‌గా తిరిగొస్తాడు. ఎందుకు వెళ్ళిపోయాడో సగం దాటాక తెలుస్తుంది, కారణం నమ్మేలానే ఉంది, కానీ అన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పకుండా ఎలా ఉన్నాడో సరిగ్గా రాయలేదు. క్షమాపణ మాత్రం తొందరపడకుండా, నిజాయితీగా ఉంది. హంతకుడి చాప్టర్లు చిన్నవే, భయపెడతాయి. నా అనుమానం చివరిదాకా తప్పే, వెనక్కి తిప్పి చూస్తే క్లూలు అక్కడే ఉన్నాయి. ప్రేమ సీన్లు బోల్డ్. సిరీస్‌లో మూడోది, విడిగా చదువుకోవచ్చు. ప్రేమకథకి నాలుగు, సస్పెన్స్‌కి నాలుగున్నర."

సిరీస్ అన్న ముక్క మర్చిపోకండి, ఎందుకంటే మూడో పుస్తకంలో మొదటి పుస్తకం జంట పిల్లలతో కనిపిస్తుంది, ఆ కథలో ఎవరు బతికారో అక్కడే తెలిసిపోతుంది.

ప్రతిలిపి లాంటి చోట తెలుగులో ఇలాంటి కథలు భాగాలుగా వస్తుంటాయి, అక్కడ పద్ధతి కాస్త మారుతుంది. కథ ఇంకా నడుస్తోంది కాబట్టి "విలన్ మామయ్యే కదా" అని కామెంట్ పెడితే, మీరు సరిగ్గా పట్టుకున్నా మిగతావాళ్ళకి మజా పోతుంది. ఆ భాగంలో ఏ మాట మనసుకి పట్టిందో, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో చెప్పండి, రాసేవాళ్ళకి అది తర్వాతి భాగంలో పనికొస్తుంది.

మీ రివ్యూ రాసేదాకా ఇతరులవి చదవద్దు, చదివితే వాళ్ళ మాటలే మీ చేతిలోంచి వస్తాయి. సగంలో ఆపేస్తే డి.ఎన్.ఎఫ్. (డిడ్ నాట్ ఫినిష్, పూర్తి చేయలేదు) అని, ఎంత శాతం దగ్గర ఎందుకు ఆపారో రాయండి, ఆపేసినవాళ్ళ అభిప్రాయం కూడా అభిప్రాయమే. నెట్‌గ్యాలీ లాంటి చోట విడుదలకి ముందే ఉచితంగా కాపీ వచ్చి ఉంటే ఆ సంగతి పైనే చెప్పండి, అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధనలు కూడా అదే అడుగుతాయి. రివ్యూ బాగా ఘాటుగా ఉంటే రచయితని ట్యాగ్ చేయకుండా పెట్టండి. నచ్చి రాసినదైతే ట్యాగ్ చేయండి, సంతోషిస్తారు.