పద్యం తూగట్లేదా? మొదట ఏ లిపిలో రాశారో చూడండి

ఉగాది దగ్గర పడితే చాలు, ఒడిశాలోని బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి తెలుగు పిల్లలు ఆటవెలదులు పంపిస్తారు, "మాస్టారూ, ఎక్కడో తప్పింది, కాస్త చూడండి" అని. సంతోషంగానే చూస్తాను. కానీ అక్షరాల మీద గురులఘువుల (రెండు మాత్రల, ఒక మాత్ర అక్షరాల) గుర్తులు పెట్టి పంపేవాళ్లు చాలా తక్కువ. ఆ గుర్తులు లేకుండా తప్పు వెతకడం కుదరదు, దయచేసి ముందు ఆ ఒక్క పని చేయండి. గణాలు (గురులఘువుల గుంపులు), యతిస్థానాలు (పాదం మొదటి అక్షరంతో అక్షరం కలవాల్సిన చోట్లు) మీకు తెలుసనుకునే మిగతాది రాస్తున్నాను.

అక్షరాల లెక్క సరిపోయింది, పాదం మాత్రం నడవట్లేదు

ఇది ఒడియా బడిలో వచ్చిన అలవాటు. జగన్నాథదాసు ఒడియా భాగవతం నవాక్షరిలో ఉంది, పాదానికి తొమ్మిది అక్షరాలు. ఆ లెక్క పట్టుకుని ఆటవెలదికి వస్తే పని జరగదు, ఎందుకంటే ఇక్కడ సూర్యగణం గలమైతే (గురువు, లఘువు) రెండక్షరాలు, నగణమైతే (మూడు లఘువులు) మూడు. అక్షరాలు లెక్కపెట్టడం మానేసి గణాలు విడగొట్టండి.

ప్రాస కుదిరిందంటారు, కుదరలేదు

మీరు కుదిర్చింది పాదాల చివర. అది అంత్యప్రాస. కందంలో, వృత్తాల్లో అడిగే ప్రాస ప్రతి పాదంలో రెండో అక్షరానిది.

యతి బాగుంది, మీ గుర్తుల ప్రకారం గణాలూ బాగున్నాయి, పైకి చదివితే మాత్రం తడబడుతోంది

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. పర్లాకిమిడిలో ఒడియా మీడియంలో చదివే అమ్మాయి ఒకతె మహేంద్రగిరి వాన మీద ఆటవెలది రాసింది. మొదటి రెండు పాదాలు ఇవి:

కోన నిండ పచ్చ గొడుగు విప్పెను
కొండ మీద వాన కోటి మణులు

యతి చూశాను. కో-గొ, కొ-కో, రెండూ సరే. బాగుందమ్మా అని పోటీకి పంపించేశాను. మొదటి పాదంలో గణభంగం అని తిరిగొచ్చింది. నిజమే, నాలుగో గణం ఇంద్రగణం (నలము, భగణము లాంటిది) కావాలి, "గొడుగు" మూడు లఘువులు, అది నగణం, అంటే సూర్యగణం. అంత తెలిసిన పిల్ల అక్కడెలా తప్పిందో అర్థం కాక నోట్‌బుక్ ఫొటో పంపమన్నాను. పద్యం మొత్తం ఒడియా అక్షరాల్లో ఉంది! మొదట "గొడుగులు విప్పెను" అనే రాసింది, అంటే నలము (నాలుగు లఘువులు), భగణము (గురువు, రెండు లఘువులు), చక్కటి పాదం. తర్వాత గుర్తులు పెట్టేటప్పుడు "గొ" మీద గురువు పెట్టింది, గణం పొడుగైపోయిందనుకుని "లు" కొట్టేసింది. "గోడుగు" అయితే భగణమే కదా మరి. ఆ అమ్మాయి లెక్కలో తప్పు లేదు, లిపి తప్పు చెప్పింది.

ఒడియా లిపిలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం, ఒ, ఓ రెండింటికీ ఒకటే. పైగా సంస్కృతంలో ఏ, ఓ ఎప్పుడూ దీర్ఘాలే కాబట్టి, వ్యాకరణం శ్రద్ధగా చదివిన పిల్లలు కనపడిన ప్రతిదానికీ గురువు పెట్టేస్తారు. తెలుగులో నెల వేరు, నేల వేరు. మెడ, మేడ, కొన, కోన కూడా అంతే. ఇంకో చిక్కు ఏమిటంటే యతి దీన్ని పట్టివ్వదు. ఒ, ఓ ఒకదానికొకటి యతి చెల్లుతాయి, ఎ, ఏ కూడా చెల్లుతాయి, అందుకే యతి చూసి సరే అనేస్తే నాలాగే దెబ్బతింటారు. కందంలో ఒక పాదం "నేల"తో, ఇంకో పాదం "చెలి"తో మొదలుపెడితే ప్రాసాక్షరం లకారమే గానీ, దాని ముందు ఒకచోట గురువు, ఇంకోచోట లఘువు. అదీ తప్పే.

ఏం చేయాలంటే, పద్యాన్ని తెలుగు లిపిలోకి ఎత్తి రాసుకున్నాకే గుర్తులు పెట్టండి. ఎ, ఏ, ఒ, ఓ ఉన్న ప్రతి మాట కిందా గీత గీసి, ఇంట్లో అమ్మమ్మ చేతనో నాన్నమ్మ చేతనో ఆ మాట పలికించి వినండి, వాళ్ల నోట హ్రస్వమూ దీర్ఘమూ ఎప్పుడూ కలిసిపోవు. తెలుగు రాయడం ఇంకా రానివాళ్లు ఒడియాలోనే రాసుకోండి, కానీ పొట్టి ఎ, ఒ కింద చుక్క పెట్టుకోండి. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లకూ, సిరొంచ, బల్లార్‌షా వైపు మరాఠీ లిపిలో రాసుకునేవాళ్లకూ ఇదే మాట. ఒడియా ఉచ్చారణలో ఇ, ఈ తేడా, ఉ, ఊ తేడా కూడా వినపడదు కాబట్టి పూలు, తీరు లాంటి మాటలూ ఒకసారి చూసుకోండి.

మిగతావి

తర్వాతి మాట సంయుక్తాక్షరంతో మొదలైతే ముందు మాట చివరి అక్షరాన్ని గురువు చేసేస్తుంటారు. "రామప్రేమ" సమాసం కాబట్టి "మ" గురువు, "అతని ప్రేమ"లో "ని" లఘువే. కందం కుదరకపోతే రెండేసి పాదాలు కలిపి లెక్కపెట్టి ఆరో గణం చూడండి, జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో అయి ఉండాలి. బేసి గణాల్లో జగణం ఉండకూడదు, రెండు, నాలుగు పాదాల చివర గురువు ఉండాలి. తేల్చి పలికే రేఫ, ప్లుతయతి, ప్రాదియతి అంటూ అడుగుతుంటారు గానీ, నాకొచ్చే పద్యాల్లో తప్పు అక్కడ ఉండటం చాలా అరుదు, వాటి జోలికి ఇప్పుడే పోకండి.